ఫిజీ పాసులో ఊరిపేరు

చెరకు తోటల పనికి ఇండియా నుంచి ఫిజీ వెళ్లిన కూలీల వలస పాసులు సువా నగరంలోని ఫిజీ నేషనల్ ఆర్కైవ్స్‌లో ఉన్నాయి. ఆ వలస 1879లో లియోనిడాస్ అనే ఓడతో మొదలై 1916లో సట్లెజ్ ఓడతో ముగిసింది. ఆ మధ్యకాలంలో ఫిజీలో దిగినవాళ్లు 60,553 మంది. వాళ్లలో 45,439 మంది కలకత్తాలో ఓడ ఎక్కారు. మిగతా 15,114 మంది మద్రాసు రేవు నుంచి వెళ్లారు. ఈ దక్షిణాది ప్రయాణం 1903లో ఎల్బ్ ఓడతో మొదలైంది. తమిళులు, మలయాళీలతో పాటు గోదావరి, కృష్ణా, విశాఖపట్నం, ఉత్తర ఆర్కాటు జిల్లాల తెలుగువాళ్లూ ఆ ఓడల్లో ఉన్నారు. ఓడ ఎక్కిన మనిషికి ఒక పాసు చొప్పున రాశారు. ఆ కాగితాన్ని పైనుంచి కిందిదాకా ఒక్కో గడినీ ఆగి చదివితే, దాన్ని తయారు చేసినవాళ్ల పనితనం మీద గౌరవం కలుగుతుంది.

ఇప్పుడు దాన్ని వెతుక్కునేవాళ్లు ఆ కూలీల మనవలు, మునిమనవలు. 1987లో ఫిజీలో సైనిక తిరుగుబాట్లు జరిగాక చాలా భారతీయ కుటుంబాలు ఆస్ట్రేలియా, న్యూజిలాండ్, కెనడాలకు తరలిపోయాయి. అందువల్ల ఆక్లండ్‌లో ఉన్న మునిమనవరాలు సువాకు ఉత్తరం రాయాలి. సువా నుంచి నకలు వచ్చాక అందులోని ఊరిని ఆంధ్రలో పోల్చుకోవాలి. మూడు దేశాల మధ్య దారి చూపించేది ఆ ఒక్క కాగితమే.

పాసు ఇంగ్లీషులో అచ్చు వేసిన ఫారం. ఖాళీలను గుమాస్తా కలంతో నింపేవాడు. మగవాళ్లకు ఒకటి, ఆడవాళ్లకు ఒకటి, రెండు రకాల ఫారాలు ఉండేవి. పైభాగంలో ఓడ పేరు, చేరవలసిన దేశం పేరు, డిపో నంబరు, తేదీ ఉంటాయి. డిపో అంటే ఓడ వచ్చేదాకా కూలీలను ఉంచే ఆవరణ. అక్కడ అడుగుపెట్టిన ప్రతివాడికీ ఒక నంబరు ఇచ్చేవారు. ఆ నంబరు డిపో వరకే పనికొస్తుంది. పాసు మీద ఒకటికి మించి నంబర్లు కనిపించేసరికి కొత్తగా చూసేవాళ్లు తడబడతారు. కానీ ఏ నంబరుకు ఆ పని ఉంది. ఒకటి డిపో లెక్కకు, ఒకటి నమోదు పుస్తకానికి, ఒకటి ఫిజీలో మనిషి వెంట నడవడానికి.

ఓడ వివరాల కింద నమోదు వివరాలు వస్తాయి. ఎక్కడ నమోదు చేశారు, ఏ తేదీన, ఆ రిజిస్టరులో ఎన్నో నంబరు. ఈ మూడు చిన్న గడుల వెనక పెద్ద ఏర్పాటు ఉంది. 1883 నాటి వలస చట్టం ప్రకారం లైసెన్సు ఉన్న రిక్రూటరు మాత్రమే మనుషుల్ని చేర్చాలి. చేర్చినవాడు వాళ్లను నేరుగా రేవుకు తోలుకుపోకూడదు. ముందు ప్రభుత్వం నియమించిన రిజిస్టరింగ్ అధికారి ఎదుట నిలబెట్టాలి. ఎక్కడికి వెళ్తున్నావో తెలుసా, ఇష్టపడే వెళ్తున్నావా అని ఆయన అడిగి, జవాబు విని, వివరాలు తన పుస్తకంలో రాసుకోవాలి. పాసులోని నమోదు నంబరు ఆ పుస్తకంలోని వరుసను చూపిస్తుంది. రేవులో ఉన్న అధికారికి అనుమానం వస్తే వెనక్కి వెళ్లి సరిచూడడానికి దారి వదిలారన్నమాట. ఎక్కడో మూలన ఉన్న తాలూకాలో రాసిన మాటకూ మద్రాసు రేవులో రాసిన మాటకూ పొత్తు కుదరాలి. నూరేళ్ల కిందటి ఆఫీసు పనిలో నాకు అన్నిటికన్నా నచ్చేది ఈ పట్టింపే.

తర్వాత మనిషి వివరాలు. పేరు, తండ్రి పేరు, వయసు, కులం, దగ్గరి బంధువు పేరు, పెళ్లయి ఉంటే ఎవరితో అన్నది. వయసు చాలావరకు అంచనాయే. ఇరవై, ఇరవై రెండు, ఇరవై అయిదు అని గుండుగుత్తగా రాసిన అంకెలను పుట్టిన సంవత్సరంగా నమ్మకూడదు. పెళ్లి గడి మాత్రం చాలా ఉపయోగపడుతుంది. భార్యాభర్తలు కలిసి వెళ్తే ఒకరి కాగితంలో ఇంకొకరి ప్రస్తావన ఉంటుంది. వాళ్ల పాసులు తరచు పక్కపక్కనే ఉంటాయి. ఒకటి దొరికితే రెండోది దొరికినట్టే.

దగ్గరి బంధువు గడి దగ్గర ఇంకాస్త ఆగాలి. వెళ్లినవాడు చనిపోతే కబురు ఎవరికి చేరవేయాలి, వాడి జీతం బాకీ ఏదైనా ఉంటే ఎవరిది అన్న అవసరం కోసం పెట్టిన గడి అది. అందుకని అక్కడ తండ్రి, అన్న, తమ్ముడు, మేనమామ ఎవరైనా ఉండొచ్చు. వెళ్లినవాడి పేరు ఊళ్లో రెండు తరాల్లోనే మరుగున పడిపోవచ్చు. ఊళ్లోనే ఉండిపోయిన అన్న పేరు అలా కాదు. అతని పిల్లలు, మనవలు అక్కడే ఉంటారు. వెతికేవాళ్లు ఊళ్లో అడగవలసిన పేరు వలస వెళ్లినవాడిది కాదు, ఈ గడిలో ఉన్నవాడిది. అనుభవం ఉన్నవాళ్లు నకలు చేతికి రాగానే ముందు ఈ గడే చూస్తారు.

తెలుగువాళ్లకు సంబంధించి ఈ ఫారంలో ఒక పెద్ద లోటు ఉంది. ఇంటిపేరుకు గడి లేదు. పేరు, తండ్రి పేరు, కులం, ఇంతే. మన ఊళ్లలో మనిషిని గుర్తుపట్టేదే ఇంటిపేరుతో. ఫారం తయారు చేసినవాళ్లకు ఆ సంగతి పట్టలేదు. ఫలితంగా ఫిజీలో తండ్రి పేరే రెండో పేరుగా నిలబడిపోయింది. ఈనాటికీ అక్కడి దస్తావేజుల్లో, కోర్టు నోటీసుల్లో భారతీయ సంతతివాళ్ల పేరు పక్కన ఎఫ్/ఎన్ అని రాసి తండ్రి పేరు చేరుస్తారు. మూడు తరాలు ఇలా సాగాక అసలు ఇంటిపేరు ఏమిటో ఇంట్లో ఎవరికీ తెలియని పరిస్థితి వచ్చింది. దాన్ని తిరిగి సంపాదించే ఉపాయం పాసు బయట ఉంది. అది తర్వాత చెబుతాను.

ఇక స్వస్థలం. జిల్లా, తాలూకా, గ్రామం అని మూడు మెట్లు. వెతికేవాళ్లు నేరుగా గ్రామం గడికి వెళ్లిపోతారు. పైన నమోదు చేసిన చోటుతో దాన్ని పోల్చి చూడడం మంచిది. రెండూ ఒకటే అయితే మనిషి తన ప్రాంతంలోనే రిక్రూటరుకు తటస్థపడ్డాడని అర్థం. రెండూ వేరైతే అతను ముందే ఊరు వదిలాడు. పని వెతుక్కుంటూ ఇంకో జిల్లాకో పట్నానికో వెళ్లి, అక్కడ నమోదయ్యాడు. బ్రిజ్ లాల్ అనే చరిత్రకారుడు ఉత్తరాది పాసుల్లో దీన్ని గమనించి ఒక పెద్ద విషయం రుజువు చేశాడు. చాలామంది సొంత జిల్లా బయట నమోదయ్యారు. సముద్రం దాటకముందే వాళ్లు దేశంలో వలస కూలీలుగా తిరుగుతున్నారు. రెండు గడుల మధ్య తేడాలో ఒక ప్రయాణం దాగి ఉందని ఆయన చూపించాడు.

ఆయన గురించి ఇంకో నాలుగు మాటలు చెప్పాలి. బ్రిజ్ లాల్ ఫిజీలోని లంబాసా ప్రాంతంలో 1952లో పుట్టాడు. చెరకు తోటలకు వచ్చిన కూలీకి మనవడు. కలకత్తా నుంచి వచ్చిన 45,439 మంది పాసులనూ ఒక్కొక్కటిగా చదివి, జిల్లా, కులం, వయసు, నమోదు చేసిన చోటు వంటి వివరాలను కంప్యూటరు లెక్కకు వీలుగా సంకేతాల్లోకి మార్చాడు. దాని ఫలితం 1983లో ‘గిర్మిటియాస్’ పేరుతో పుస్తకంగా వచ్చింది. కొన్ని నమూనాలు తీసి లెక్క కడితే సరిపోయేది కదా అని ఎవరైనా అనొచ్చు. ఆయన అలా అనుకోలేదు. ప్రతి మనిషి కాగితమూ చదివాడు. గుమాస్తాలు మనిషిని వదలకుండా రాసిన పనికి, మనిషిని వదలకుండా చదవడమే సరైన మర్యాద. మద్రాసు పాసులకు కూడా అంత ఓపికైన తెలుగు చదువరి దొరకాలని నా కోరిక.

పాసులో తర్వాతి వరుస ఎత్తు, శరీరం మీది గుర్తులు. ఎత్తు అడుగులు, అంగుళాల్లో ఉంటుంది. గుర్తుల గడిలో ఎడమ మోకాలి కింద మచ్చ, కుడి చెంప మీద పుట్టుమచ్చ, నుదుటి మీద గాటు వంటివి రాస్తారు. మన పదో తరగతి సర్టిఫికెట్టులో పుట్టుమచ్చలు రాసినట్టే. ఇక్కడ దాని పని మాత్రం గట్టిది. నమోదైనవాడు ఒకడు, ఓడ ఎక్కేవాడు ఇంకొకడు కాకుండా చూడాలి. ఫొటో ఖర్చు లేకుండా మనిషిని కాగితానికి కట్టిపడేయడానికి అది చాలు. పేరు మార్చి చెప్పొచ్చు, కులం మార్చి చెప్పొచ్చు. మోకాలి కింది మచ్చను మార్చడం కుదరదు. ముత్తాత ఫొటో ఒక్కటీ లేని ఇంట్లో, ఆయన అయిదడుగుల రెండంగుళాల మనిషి, ఎడమ కాలి మీద మచ్చ ఉండేది అని తెలియడం ఎంత పెద్ద సంగతో ఆలోచించండి. అతని శరీరాన్ని దగ్గర నుంచి చూసి రాసిన సాక్ష్యం బహుశా ఇదొక్కటే.

కాగితం కిందిభాగంలో ధ్రువీకరణలు, సంతకాలు. ఇక్కడ పని పంచిన తీరు చూడాలి. డిపో డాక్టరు, ఓడలో వెంట వెళ్లే సర్జన్ సూపరింటెండెంటు ఇద్దరూ మనిషిని పరీక్షించి, ఆరోగ్యంగా ఉన్నాడని, టీకా వేశామని సంతకం చేయాలి. డిపో డాక్టరు పని రేవులోనే అయిపోతుంది. రెండో డాక్టరు ఆ మనిషితో పాటు సముద్రం మీద ఉంటాడు, దారిలో జబ్బు చేస్తే జవాబు చెప్పుకోవలసింది ఆయనే. అందువల్ల ఆయన ఊరికే సంతకం పెట్టడు. తర్వాత ఫిజీ ప్రభుత్వం తరఫు ఏజెంటు, ఈ మనిషిని పనికి కుదుర్చుకున్నాం, షరతులన్నీ వివరించాం అని సంతకం చేస్తాడు. చివర ప్రొటెక్టర్ ఆఫ్ ఎమిగ్రెంట్స్ అనే అధికారి ప్రయాణానికి అనుమతి ఇస్తాడు. ఏజెంటు మనుషులు కావలసినవాళ్ల పక్షం, ప్రొటెక్టర్ ఇక్కడి ప్రభుత్వ పక్షం. కుదుర్చుకునేవాడి చేతిలోనే అనుమతి కూడా ఉండకుండా కాగితం మీదే విడదీశారు.

కాగితం మీద విడదీసినంత మాత్రాన మనుషులకు న్యాయం జరిగిందని కాదు. అయిదేళ్ల ఒప్పందం, మగవాడికి రోజుకు షిల్లింగు, ఆడమనిషికి తొమ్మిది పెన్నీలు అని షరతుల్లో ఉంది. తోటలో అది పూర్తిగా చేతికి రావాలంటే చేయవలసిన చాకిరీ ఎంతో ఎవరు ఎంతవరకు విడమరిచి చెప్పారో పాసు చెప్పదు. వివరించాం అన్న అచ్చు వాక్యం అందరి పాసుల మీదా ఒకేలా ఉంది. చేతితో రాసిన మాటలను నమ్మినంతగా అచ్చు మాటలను నమ్మకూడదు. పాసు చదవడంలో మొదటి పాఠం ఇదేనని నా అభిప్రాయం. మచ్చ, ఊరు, అన్న పేరు ఆ మనిషి నోటి నుంచో ఒంటి నుంచో వచ్చినవి. అచ్చు వాక్యాలు ఆఫీసు నుంచి వచ్చినవి.

ఓడ ఫిజీ చేరాక మనుషుల్ని సువా రేవు ఎదురుగా ఉన్న నుకులావు దీవిలో దింపేవారు. అక్కడి నుంచి తోటలకు పంపకం. ఇక్కడినుంచి పనిచేసేది పాసు నంబరు. ఆ వరుస ఓడ మారినప్పుడల్లా మళ్లీ ఒకటి నుంచి మొదలవదు, అరవై వేల దాకా సాగుతుంది. అందువల్ల ఒకే పేరుగల ఇద్దరు రాములులు ఒకే ఓడలో వచ్చినా, ఒకే తోటలో పడినా కలగలిసిపోరు. ఏ తోటకు వెళ్లాడు, ఒప్పందం ఎప్పుడు ముగిసింది, తిరిగి ఇండియా వెళ్లాడా, అక్కడే పోయాడా అన్న లెక్కలన్నిటికీ ఆ నంబరే ఆధారం. తోటల్లో పుట్టిన పిల్లల జనన నమోదులో కూడా కొన్నిసార్లు తల్లిదండ్రుల నంబరు, వాళ్లు వచ్చిన ఓడ కనిపిస్తాయి. కూలీ తప్పించుకుపోకుండా కాపలా కాయడానికే అంత జాగ్రత్తగా నంబరు రాశారు. ప్రతి చోటా తప్పకుండా రాశారు కాబట్టే ఈ రోజు మునిమనవరాలు దాన్ని పట్టుకుని వెనక్కి నడవగలుగుతోంది.

నడవవలసింది వెనక్కే. తొందరపడి ముందే ముత్తాత పాసు కావాలని రాస్తే పని జరగదు. అప్పన్న, రాములు, లక్ష్మయ్య వంటి పేర్లు వందలు. ముందు ఇంట్లో ఉన్న కాగితాలు తీయాలి. తాత జనన సర్టిఫికెట్టు ఫిజీ రిజిస్ట్రారు నుంచి తెప్పించుకుంటే ఆయన తల్లి పేరు, తండ్రి పేరు, పుట్టిన చోటు వస్తాయి. పెళ్లి సర్టిఫికెట్టు, మరణ సర్టిఫికెట్టు కలిపి చూస్తే పేరు ఎన్ని రకాలుగా రాశారో తెలుస్తుంది. పేరు, తండ్రి పేరు, సుమారుగా వచ్చిన సంవత్సరం, తెలిస్తే ఓడ పేరు, మొదట పనిచేసిన తోట, ఇవి సమకూర్చుకుని ఆర్కైవ్స్‌కు రాయాలి. నంబరే దొరికితే మిగతావన్నీ అక్కర్లేదు. పాసులను మైక్రోఫిల్మ్ మీదికి కూడా ఎక్కించారు. ఫిజీ, గయానా, సురినామ్, ట్రినిడాడ్ దేశాల్లో ఉన్న ఇలాంటి రికార్డులను 2011లో యునెస్కో ప్రపంచ స్మృతి పట్టికలో చేర్చింది.

నకలు వచ్చాక చదవడం ఒక విద్య. గుమాస్తా రాత గొలుసుకట్టు ఇంగ్లీషు. అందులో ఎన్, యు ఒకేలా ఉంటాయి, ఎల్ పొట్టిదైతే ఇ లా కనిపిస్తుంది. ఒక్క పాసునే ఎంతసేపు చూసినా తెమలదు. అదే ఓడలో ముందు వెనక ఉన్న పాసులు తీసుకుని, అదే చేతిరాతలో మనకు నిశ్చయంగా తెలిసిన మాటలు వెతకాలి. జిల్లా పేరు అందరికీ తెలిసిందే కదా. ఆ పేరులో ఆ గుమాస్తా ఎన్ ఎలా రాశాడో చూసి, ఊరి పేరులోని అనుమానపు అక్షరాన్ని తేల్చుకోవాలి. పైగా అతను విన్నది విన్నట్టు రాశాడు. ఊరి పేరును కళ్లతో చదివితే అర్థం కాదు, బయటికి పలికితే ఒక్కోసారి వెంటనే తగులుతుంది. శ్రీకాకుళం చికాకోల్‌గా, కాకినాడ కోకనాడగా, ఏలూరు ఎల్లూర్‌గా రాసిన కాలం అది.

జిల్లాల పేర్లతో పెద్ద చిక్కు ఉంది. మద్రాసు నుంచి ఓడలు నడిచిన కాలంలోనే మన జిల్లాల హద్దులు మారాయి. 1904లో ఏలూరు, తణుకు, భీమవరం, నరసాపురం తాలూకాలను గోదావరి జిల్లా నుంచి కృష్ణాలో కలిపారు. అంటే ఒకే ఊరి ఇద్దరు అన్నదమ్ములు మూడేళ్ల తేడాలో వెళ్తే, ఒకడి పాసులో గోదావరి అని, ఇంకొకడి పాసులో కృష్ణా అని ఉండొచ్చు. ఆ ఊరు ఇప్పుడు పశ్చిమగోదావరి వైపు ఉంటుంది, ఆ జిల్లా ఏర్పడింది 1925లో. గుంటూరు జిల్లా వచ్చిందీ 1904లోనే. చిత్తూరు 1911లో ఏర్పడింది. అంతకుముందు వెళ్లిన చంద్రగిరి, పలమనేరువాళ్ల పాసుల్లో ఉత్తర ఆర్కాటు అని ఉంటుంది. మునిమనవలు అది చూసి తాము తమిళులమనుకుని వెల్లూరు చుట్టుపక్కల వెతకడం సహజం. శ్రీకాకుళం, టెక్కలి ప్రాంతాలు అప్పట్లో గంజాం జిల్లా. ఇప్పుడు గంజాం ఒడిశాలో ఉంది. 1936లో ఒడిశా వేరు రాష్ట్రమైనప్పుడు ఈ తాలూకాలు విశాఖపట్నం జిల్లాలో కలిశాయి. పాసు తారీఖు చూడకుండా జిల్లా పేరు చదివితే వేరే రాష్ట్రానికే వెళ్లిపోతాం. తాలూకా గడి ఇక్కడ ఆదుకుంటుంది. జిల్లా మారినా తాలూకా కేంద్రం ఊరు కదలదు.

తాలూకాలో ఒకే పేరుగల ఊళ్లు రెండు మూడు ఉండడం మనకు మామూలే. కొత్తపల్లి, రామాపురం లేని తాలూకా ఏది? మద్రాసు రాష్ట్రపు తాలూకా, గ్రామాల అక్షరక్రమ పట్టిక అచ్చులో ఉంది. అందులో ముందు ఎన్ని ఊళ్లున్నాయో లెక్క తేల్చుకుని, దగ్గరి బంధువు పేరుతో, కులంతో ఒక్కొక్క ఊళ్లో విచారించాలి. వలస వ్యవహారాల మద్రాసు ప్రభుత్వ రికార్డుల కోసం చెన్నై ఎగ్మోర్‌లోని తమిళనాడు ఆర్కైవ్స్‌కు వెళ్లాలి.

ఊరు ఖాయమయ్యాక ఇంటిపేరు వేట మొదలవుతుంది. రైతువారీ గ్రామాలకు బ్రిటిష్ కాలంలో తయారైన రీసెటిల్‌మెంట్ రిజిస్టరు ఉంటుంది. ఆర్‌ఎస్‌ఆర్ అని, ఇంగ్లీషు తెలుగు రెండూ పక్కపక్కన ఉంటాయి కాబట్టి డైగ్లాట్ అని రెవెన్యూవాళ్లు అంటారు. సర్వే నంబరు, విస్తీర్ణం, శిస్తుతో పాటు పట్టాదారు పేరు అందులో ఉంటుంది. జమీందారీ గ్రామాలకు ఆ రోజుల్లో ఇలాంటి సర్కారు రిజిస్టరు లేదు. 1948లో ఎస్టేట్ల రద్దు చట్టం వచ్చాక తయారైన ఫెయిర్ అడంగల్ చూడాలి. అది వలస వెళ్లిన తర్వాతి తరం నాటిది, కాబట్టి అన్న పేరు కాక అన్న కొడుకుల పేర్లు వెతకాలి. భూమి లేని కుటుంబాల పేర్లు వీటిలో ఉండవు, వెళ్లినవాళ్లలో అలాంటివాళ్లు చాలామంది. వాళ్ల విషయంలో ఊళ్లో ఆ పేట పెద్దలను అడగడమే దారి. సెంటు భూమి ఉన్నా సరే, పాసులోని అన్న పేరు డైగ్లాట్‌లో పట్టాదారుగా కనిపిస్తే, ఆ పేరుకు ముందు కరణం తెలుగులో రాసిన ఇంటిపేరు ఉంటుంది. మద్రాసు ఫారంలో గడి లేక రాయకుండా పోయినది అదే.